డిగ్రీలకు కొదవ లేదు

ప్రగతి నగర్‌లో, అంబీర్ చెరువుకు కూతవేటు దూరంలో ఉన్న ఒకానొక అపార్ట్‌మెంట్ యాప్‌లో మొన్న ఓ నోటీసు పడింది. రేపు సంపు కడుగుతున్నారు, నీళ్లు పట్టి పెట్టుకోండి అని తెలుగులోనే రాశారట. ఫోన్లలో కనబడింది వేరు: నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, దాని పక్కన °, మళ్లీ అదే ఏ, పక్కన ±, నడుమ నడుమ తలకిందుల ప్రశ్నార్థకాలు. ° చూసి మూడో అంతస్తు ఆంటీగారు వడగాడ్పుల హెచ్చరిక అనుకుని పిల్లల్ని ఆటకు పంపలేదు. ± చూసిన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారు మెయింటెనెన్స్ పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు అని అర్థం తీశారు. తగ్గడం ఈ జన్మలో జరగదు కనుక పెరిగిందనే తేల్చి, గ్రూపులో పోట్లాట మొదలెట్టారు. నీళ్లు మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లకు కరువా? పొద్దున్నే సగం బిల్డింగు హైటెక్ సిటీకి తరలిపోతుంది. జర్మనీ బీమా కంపెనీ బిల్లులో నెత్తిన రెండు చుక్కల అక్షరం చెడితే అర్ధరాత్రి లేచి బాగుచేసే అమ్మాయి ఐదో అంతస్తులోనే ఉంది. తీరా సెల్లార్‌లో మీటింగు పెట్టి అడిగితే ఒకరు "నాది ఫ్రంట్ ఎండ్ అండీ" అన్నారు, ఇంకొకరు "నాది క్లౌడ్" అన్నారు. మరొకాయన "టికెట్ రెయిజ్ చేశారా?" అని వాచ్‌మన్‌ని నిలదీశాడు.

జబ్బు పాతదే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ తలా మూడు బైట్లు. వాటిని యూరప్ వాళ్ల విండోస్-1252 పట్టీ పెట్టి చదివితే మొదటి బైటు గీత ఏ, రెండోది ° లేదా ±. ర రాస్తే డిగ్రీ రెండుసార్లు పడుతుంది. గుడి తలకిందుల ప్రశ్నార్థకం అవుతుంది. గ పొడుగు గీతై పడుకుంటుంది. యాప్ వెనకున్న డేటాబేస్, స్వీడన్‌లో పుట్టిన మైఎస్‌క్యూఎల్, 2018లో 8.0 వచ్చేదాకా, వేరే మాట చెప్పకపోతే ఈ లాటిన్ పట్టీనే పట్టుకునేది. పేర్ల వరస కూడా స్వీడిష్ పద్ధతిలోనే. వేరే మాట చెప్పాల్సినవాడు చెప్పలేదు. నాది ఫ్రంట్ ఎండ్ అనుకుని ఉంటాడు.

అదే 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న ఒక్క అక్షరం, లోపల కంటికి కనబడని గుర్తొకటి దాచుకుని, ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. ఆ నెల 19కల్లా ఆపిల్ మందు విడుదల చేసింది. తెలుగక్షరానికి వైద్యం కావాలంటే ముందు అమెరికావాడికి జ్వరం రావాలన్నమాట. సంపు నోటీసుకు ఆ యోగం లేదు.

నిజానికి చికిత్స రెండు లైన్లే. డేటాబేస్‌లో తెలుగున్న కాలమ్‌ని ముందు బైనరీ చేసి, తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 అని చెప్పాలి. బైట్లు కదలవు, చదివే పట్టీ మారుతుందంతే. రెండో అంతస్తు బీటెక్ కుర్రాడు మొదటి లైను దండగనుకుని నేరుగా కన్వర్ట్ కొట్టాడు. డేటాబేస్ వినయంగా ఆ గీత ఏలనే అసలు అక్షరాలనుకుని యూనికోడ్‌లోకి మార్చి భద్రపరిచింది. మూడు బైట్లు ఆరు, ఏడయ్యాయి. తెరమీద అవే డిగ్రీలు.

అప్పటికీ ప్రాణం పోలేదు, వెనక్కి తేవచ్చు. కానీ ఇంకో ఉత్సాహవంతుడు ఎక్కడిదో స్క్రిప్టు తెచ్చి నడిపాడు. విండోస్-1252 పట్టీలో 129, 141, 143, 144, 157 నంబర్లు ఖాళీ. మన కొమ్ము చివరి బైటు 129, పొల్లుది 141. ఏ, ఐ, ఝలు మిగతా మూడింట్లో పడ్డాయి. ఝ పోతే పోయింది, రోజూ ఎవరు వాడతారు? కొమ్మూ పొల్లూ పోతే తెలుగులో మిగిలేదేమిటి? నిక్కచ్చి స్క్రిప్టు కావడంతో ఖాళీ నంబర్లన్నిటినీ ఊడ్చేసింది. సుబ్బారావుగారు రెండు కొమ్ములు, ఒక పొల్లు పోగొట్టుకుని, ఆ చోట్ల నల్ల డైమండ్లు పొదిగించుకుని "సబబారావ"గా బకాయిల పట్టికకెక్కారు. ఆ పేరుతో తానెవరూ లేనని ఆయన బకాయి కట్టడం మానేశారు.

బ్యాకప్ ఉంది కదా అన్నారెవరో. ఉంది. ట్రెజరర్‌గారు దాన్ని ఎక్సెల్‌లో తెరిచి, లెక్క సరిచూసి, మామూలు సీఎస్‌వీగా సేవ్ చేశారు. పట్టని అక్షరం వచ్చిన చోటల్లా ఎక్సెల్ ఒక ? పెట్టింది. వాటికి ఇక ఏ చికిత్సా లేదు. జనరల్ బాడీలో ఎవరూ ప్రశ్నలడగరని ఏటా బాధపడే సెక్రటరీగారు ఆ ఫైలునే ప్రింటు తీయించి సభ్యులకు పంచారు.