బానెట్ బాబాయ్

ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక జనరేటరు, ఒక సీసీ కెమెరా, ఒక బానెట్ బాబాయ్ ఉంటారు. మొదటి రెండూ అవసరమైనప్పుడు పనిచెయ్యవు. బాబాయ్ అవసరం లేనప్పుడు కూడా పనిచేస్తారు.

మా నిజాంపేట అపార్ట్‌మెంట్లో ఆయన ఉండేది రెండో ఫ్లోరు. ముప్ఫై రెండేళ్లు స్టోర్స్‌లో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. కారు లేదు, ఎప్పుడూ లేదు, డ్రైవింగూ రాదు. ఉన్నదల్లా ఓ పాత గేర్ల స్కూటరు. దాన్ని పక్కకి వంచి, పది లెక్కపెట్టి, నిలబెట్టి, అప్పుడు కిక్కు కొట్టాలి. ఆయన ఇంజిన్ శాస్త్రం మొత్తం ఆ వంపులోంచి పుట్టిందే. మా కార్లని చూసినప్పుడల్లా ఆయన మొహంలో చిన్న దిగులు కనిపిస్తుంది, వీటిని వంచే వీల్లేదు కదా అని.

సెల్లారులో బానెట్ లేపిన చప్పుడు రెండో ఫ్లోరుకి ఎలా చేరుతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పక్కగదిలోంచి పిన్ని పిలిస్తే వినపడని చెవులవి. మనం బానెట్‌కి కడ్డీ ఆనించేలోపు ఆయన లుంగీ ఎగ్గట్టుకుని పక్కన నిలబడి ఉంటారు. చేతులు వెనక్కి కట్టుకుంటారు. కాసేపు చూసి "ఊఁ" అంటారు. ఆ "ఊఁ"లో రోగం పేరు, మందు, ఖర్చు, ఇంతాలస్యంగానా తీసుకొచ్చేది అన్న మందలింపు అన్నీ కలిసి ఉంటాయి. తర్వాత స్క్రూడ్రైవరు అడుగుతారు. మొన ఇంజిన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుంటారు. వెక్కిరించకూడదు, ఇది పాత మెకానిక్కుల అసలైన విద్యే. బేరింగు అరిగిందో లేదో అలా విని చెప్పేవాళ్లున్నారు. కాకపోతే వాళ్లు ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు వింటారు.

ఒకటి మాత్రం ఆయన చెయ్యరు. అడగరు. ఎప్పట్నించి వస్తోంది, ఎంత దూరం తిరిగాక వస్తోంది, ఆయిలు ఎప్పుడు మార్చారు, ఇలాంటివేవీ ఆయన నోట రావు. ప్రశ్న అడిగితే తెలియదని ఒప్పుకున్నట్టేనని ఆయన నమ్మకం.

2021లో మేం డీజిల్ కారు కొన్నది కూడా ఆయన సలహా మీదే. క్యాలెండరు కాగితం వెనక లెక్క వేసి ఇచ్చారు. లీటరుకి ఇంత ఆదా, మైలేజీలో ఇంత, పదేళ్లలో మీ అమ్మాయి ఇంజినీరింగు ఫీజు వచ్చేస్తుంది అన్నారు. లెక్కలో తప్పేమీ లేదు. రోజుకి అరవై కిలోమీటర్లు తిరుగుతుందని వేశారంతే. మా కారు పొద్దున్నే పాపని రెండు కిలోమీటర్ల అవతల బళ్లో దింపి, నన్ను మియాపూర్ మెట్రో స్టేషన్ దాకా మోసి, సాయంత్రం దాకా అక్కడే నిద్రపోయి, మళ్లీ ఇంటికొస్తుంది. ఇంజిన్‌కి ఒళ్లు కాస్త వెచ్చబడేలోపు తాళం తీసేస్తాం.

అది ఏ కారుకీ మంచిది కాదుగానీ, ఈ తరం డీజిల్ కారుకి మరీ కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్6 నిబంధనకి లోబడాలన్నారు. దాంతో డీజిల్ కార్లకి పొగ వెళ్లే దారిలో ఓ ఫిల్టరు వచ్చిపడింది. డీపీఎఫ్ అంటారు. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ అది. సందుల్ని ఒకటి విడిచి ఒకటి మూసేస్తారు. పొగ పక్క గోడలోంచి దూరి బయటపడాలి, మసి లోపలే చిక్కుతుంది. చిక్కిన మసి అక్కడే కాలిపోవాలి. దూర ప్రయాణం చేస్తే ఆ వేడికి కొంత దానంతటదే కాలుతుంది. అది చాలకపోతే ఇంజినే కాస్త డీజిల్ ఎక్కువ చిమ్మి, ఫిల్టరు దగ్గర 600 డిగ్రీల దాకా వేడి పుట్టించి, ఓ పావుగంటో ఇరవై నిమిషాలో తగలేస్తుంది. అంతసేపూ బండి సాగుతూ ఉండాలి. మధ్యలో ఆపితే పొయ్యి ఆరిపోతుంది, మసి ఉన్నచోటే ఉంటుంది.

ఇదంతా నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా, ఓ సాయంత్రం మీటరు బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. గొట్టంలో ఆవాలు పోసినట్టు ఓ బొమ్మ.

బాబాయ్ కళ్లజోడు తుడుచుకుని చూశారు. "ఊఁ. డీజిల్లో నలకలు. బొమ్మ వేసి మరీ చెబుతోంది చూడు, ఇవిగో నలకలు. బంకు మార్చు."

మార్చాను. దీపం మారలేదు.

వారం తర్వాత రోగం టర్బోకి పాకింది. "టర్బో నీరసం అబ్బాయ్. టాప్ గేర్లో వెయ్యకు, దానికి ఆయాసం." ఆ పై వారం కంప్యూటరుకి చెమ్మ పట్టింది. మా ఆవిడ హెయిర్ డ్రయ్యరు, వాచ్‌మన్ గదిలోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు, స్టీరింగు కింద తలదూర్చిన నేను, వెనక నుంచి "ఇంకొంచెం ఎడమకి" అంటూ బాబాయ్. ఆ దృశ్యం కెమెరాలో పడి ఉండాలి, అది పనిచేస్తుంటే.

నాలుగోసారి ఆయన చెప్పింది విని మా ఆవిడ కార్ తాళాలు తీసుకెళ్లి బీరువాలో దాచేసింది. "మా స్కూటరుకి ఇలాగే అయ్యింది. సైలెన్సరు విప్పించి, లోపల కిరసనాయిలు పోసి అంటించాం. మసంతా కాలిపోయి కొత్తదాన్లా పరిగెత్తింది. దీనికీ అంతే. కాల్చెయ్యాలి."

న్యాయంగా చెప్పాలంటే, ఆయన మొత్తం వైద్యంలో నిజానికి అతి దగ్గరగా వెళ్లింది అక్కడే. ఆ రోజుల్లో టూస్ట్రోక్ స్కూటర్లలో పెట్రోలుతోపాటు ఆయిలూ కాలేది. ఆ మడ్డి సైలెన్సర్లో పేరుకుని బండి లాగేది కాదు. విప్పి మంటలో కాల్చడం మెకానిక్కులందరూ చేసిన పనే. మా కారు అడుగుతున్నదీ సరిగ్గా అదే: కాల్చుకోనివ్వండి మహాప్రభో అని. కాల్చుకునేదే, బాబాయ్ దాంట్లో ఎక్కకుండా ఉంటే.

ట్రయలు వెయ్యాలన్నారు. ఆదివారం పొద్దున ముంబై హైవే మీద పటాన్‌చెరు వైపు బయల్దేరాం. ముందు సీటు ఆయనది. చందానగర్, లింగంపల్లి, బీహెచ్ఈఎల్. రోడ్డు కాస్త ఖాళీ అయ్యేసరికి ఇంజిన్ రొద మారింది. మైలేజీ అంకె చూస్తుండగానే సగానికి పడిపోయింది. అడుగు నించి వేడి వాసన. అంటే నాలుగు నెలలుగా ఎదురుచూసిన అవకాశం దొరికి, పాపం, బండి పొయ్యి రాజేసుకుంది.

"ఆపు! ఆపు! కాలుతోంది!"

ఆపాను. తాళం తీశాక కూడా ముందు ఫ్యాను గింగిరాలు తిరుగుతూనే ఉంది. "చూశావా, తాళం తీసినా ఆగట్లేదు. వైరింగు షార్టు." బాటిల్లో నీళ్లు బానెట్ మీద చిలకరించారు, పందిట్లో పన్నీరు చల్లినట్టు. అరగంట కూర్చుని, చల్లబడ్డాక మెల్లగా ఇల్లు చేరాం. ఇలా మూడాదివారాలు. అది అంటించుకోవడం, ఆయన ఆర్పించడం.

ఈలోగా శుభవార్త ఒకటి. ఆయిల్ పుల్ల తీసి చూసి బాబాయ్ మొహం వెలిగిపోయింది. "ఆయిలు తగ్గలేదు సరికదా, గీత దాటి పెరిగింది! నా ఇన్నేళ్లలో ఇలాంటి ఇంజిన్ చూళ్లేదు." పూటకి నాలుగు లీటర్లిచ్చే గేదెని చూసినట్టు చూశారు దాన్ని. నేను కూడా గర్వపడ్డాను, ఎందుకు దాచాలి.

ఆ సోమవారం బడికి వెళ్లే దారిలో ఆవాల దీపం మిణుకుమిణుకుమంది. పక్కన ఇంజిన్ దీపం తోడొచ్చింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా బండి పాకుతోంది. చెరుకురసం బండి మమ్మల్ని దాటి వెళ్లింది. పాప సీట్లో కిందికి జారి తల దాచుకుంది.

షెడ్డులో ఉన్న కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. స్టీరింగు కింద ప్లగ్గు తగిలించి, తెర వంక చూస్తూనే అడిగాడు: "రోజుకి ఎంత తిరుగుద్ది సార్ బండి?"

చెప్పాను.

"మధ్యలో వాసనొచ్చిందనో, ఫ్యాను ఆగట్లేదనో బండి ఆపేశారా ఎప్పుడన్నా?"

నేను బాబాయ్ వైపు చూశాను. బాబాయ్ గోడ మీద క్యాలెండరు వైపు చూశారు.

వాడు వెంటనే ఫిల్టరు మీద పడిపోలేదు. దానికి ముందూ వెనకా పొగ ఒత్తిడి ఎంత తేడా ఉందో కొలిచే సెన్సరుంది, దాని సన్న గొట్టాలు రెండూ వేలితో తడిమి చూశాడు. "ఇవి చిట్లినా, సెన్సరు పోయినా ఇదే లైటు వస్తది సార్. ఫిల్టరు బాగానే ఉండి కొత్తది వేయించుకున్నోళ్లున్నారు." తర్వాత ఆయిల్ పుల్ల తీసి వాసన చూసి మొహం ముడిచాడు. కాల్చడం మధ్యలో ఆగినప్పుడల్లా, ఆ పేరున చిమ్మిన డీజిల్ కొంత సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలిసిందట. మా గేదె ఇచ్చిందంతా నీళ్లపాలే. ఇలా పలచబడ్డ ఆయిలుతో ఇంకొన్నాళ్లు తిప్పితే ఇంజిన్ పని అయిపోయేదన్నాడు. కొత్త ఫిల్టరు ధర కూడా చెప్పాడు. మా ఆవిడకి ఫోన్లో ఆ అంకె చెప్పాక అటునుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు.

"పీకించేస్తే పోదా అబ్బాయ్?" అన్నారు బాబాయ్, గొంతు తగ్గించి.

"చట్టం ఒప్పుకోదు సార్. మీరు పీల్చే గాలే కదా," అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

మా అదృష్టం, మసి ఇంకా మిషను కాల్చనిచ్చే హద్దులోనే ఉంది. బండిని ఆరుబయట నిలబెట్టి, కంప్యూటరు నించి ఆజ్ఞ ఇచ్చాడు. డ్రైవరు సీట్లో ఎవరూ లేకుండానే ఇంజిన్ రంకె వేసింది. ముప్పావుగంట అలా ఊగిపోయింది, పూనకం వచ్చినట్టు. బాబాయ్ చెప్పులు విడిచి నిలబడి చూశారు. అది ఆశ్చర్యమో, కాళ్లనొప్పో నేనడగలేదు. తర్వాత ఆయిలు మార్చాడు, బూడిద తక్కువ చేసే రకం. మసి కాలుద్దిగానీ బూడిద కాలదట, అది ఫిల్టర్లోనే ఉండిపోతుందట. రెండు వారాలకోసారైనా ఓ అరగంట హైవే మీద తిప్పమన్నాడు. ఒక గేరు తక్కువలో, ఇంజిన్ కాస్త గట్టిగా తిరిగేట్టు. ట్యాంకు రిజర్వుకి రానివ్వద్దన్నాడు, డీజిల్ తక్కువుంటే బండి కాల్చుకోవడం మొదలే పెట్టదట.

తిరుగుదారిలో కూకట్‌పల్లి దాకా బాబాయ్ మాట్లాడలేదు. ఆయన మౌనం అంతకు ముందు నేనెరగను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెల్లగా అన్నారు: "కాల్చెయ్యమని నేను మొదటే చెప్పాను."

కాదనడానికి లేదు.

అప్పట్నించి మా కారు కాల్పుల బాధ్యత ఆయనదే. నెలకి రెండాదివారాలు, తెల్లారి ఐదున్నరకి మంకీ క్యాపు, మఫ్లరు, స్టీలు డబ్బాలో పులిహోర. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కుతాం. వేడి వాసన మొదలవగానే బాబాయ్ కుడిచెయ్యి పైకెత్తుతారు. "మాట్లాడకండి. కాలుతోంది." కళ్లు మూసుకుని, గుళ్లో హారతిచ్చేటప్పటి మొహం పెడతారు. ఆ ఇరవై నిమిషాలూ టీకి ఆపడానికి లేదు, పాపకి అర్జంటన్నా ఆపడానికి లేదు. ఇంట్లో పాలు మాడినా తెలియని ముక్కు ఇక్కడ మాత్రం ఎంత పనిచేస్తుందో అని పిన్ని వెనక సీట్లోంచి విసుక్కుంటుంది. ఔటర్ చుట్టూ 158 కిలోమీటర్లు. ఓసారి కాలడం ఆలస్యమైందని మొత్తం చుట్టించారు. అపార్ట్‌మెంట్లో కొత్తగా దిగినవాళ్లకి ఈ కేసు చెప్పేటప్పుడు ఆ షెడ్డు కుర్రాడు కనిపించడు. నేను కనిపిస్తాను, వాసనొచ్చిందని భయపడి బండి ఆపేసేవాడిగా.

మొన్న ఆదివారం మేం విజయవాడలో పెళ్లి చూసుకుని రాత్రే వచ్చి పడుకున్నాం. ఐదున్నరకి తలుపు చప్పుడు. మంకీ క్యాపు, స్టీలు డబ్బా.

"బాబాయ్, పోనూ రానూ హైవేనే కదా, బండి శుభ్రంగా కాల్చుకునే ఉంటుంది. రెండు నెలలుగా లైటే రాలేదు," అన్నాను.

"రాలేదా?"

"రాలేదు."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

నన్ను సెల్లారుకి నడిపించారు. కళ్లజోడు తుడుచుకుని, నల్లగా ఉన్న మీటరు బోర్డు వంక చాలాసేపు చూశారు.

"ఊఁ. బల్బు పోయింది," అని స్క్రూడ్రైవరు కోసం చెయ్యి చాపారు.