నేను ఉషొంగో పడవను

నేను న్గలావాను. టాంజానియాలో పంగాని నది సముద్రంలో కలిసేచోటికి కాస్త దక్షిణాన ఉన్న ఉషొంగో ఊరి చేపల పడవను. పుట్టుకకు మామిడి మానును. వడ్రంగులు బాడిశలతో నా కడుపు తొలిచి, రెండు పక్కలా పొడవాటి కర్రలు కట్టి, వాటి చివర తేలే పలకలు బిగించారు. ఒళ్లు ఇంత సన్నగా ఉన్నా అలలకు ఒరిగిపోనిది ఆ పలకల చలవే. ఈ విద్య, హిందూ మహాసముద్రం దాటి మడగాస్కర్ చేరిన ఇండోనేషియా దీవుల నావికుల నుంచి వచ్చిందని చాలామంది పండితుల నమ్మకం.

ఏడాది పొడుగునా చేపలు మోసే నేను, జులై సెలవుల్లో పిల్లల్ని మోస్తాను. దార్ ఎస్ సలామ్‌లో కలిసి పనిచేసే స్నేహితులు కుటుంబాలతో వస్తారు. వారిలో ఒక తెలుగు కుటుంబమూ ఉంది. దిగేది కొబ్బరాకుల గుడిసెల్లో. మంచానికి దోమతెర, స్నానానికి బకెట్టు నీళ్లు, రాత్రికి లాంతరు. వంట అందరిదీ ఒకే పొయ్యి మీద. మా ఊరి ఆడవాళ్లు కొబ్బరిపాలతో అన్నం వండుతుంటే, తెలుగు తల్లి చేపలకు చింతపండు గుజ్జు, కారం పట్టించి నిప్పుల మీద పెడుతుంది. మా తీరంలోనూ కాల్చిన చేపకు చింతపండు అలవాటే కాబట్టి ఆ రుచి ఎవరికీ కొత్త కాదు.

ఇక్కడ పొద్దు నడిపేది సముద్రమే. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. నిన్నటికంటే నేడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. పౌర్ణమికీ అమావాస్యకీ నీటి మట్టం 3 మీటర్లకు పైగా ఎక్కి దిగుతుంది. ఆటు వేళ నేను ఇసుకలో కూర్చుండిపోతాను.

“తాతా, పడవ ఎప్పుడు కదులుతుంది?” అని తెలుగువాళ్ల చిన్నపిల్ల మా సరంగును స్వాహిలిలో అడుగుతుంది.

“నీళ్లు రానీ తల్లీ. ఈలోగా దీని ఒళ్లు చూద్దాం రా” అంటాడాయన.

ఎండు కొబ్బరాకులు అంటించి నా అడుగంతా సెగ చూపిస్తాడు. చెక్క తొలిచే పురుగులు ఆ వేడికి చస్తాయి. తర్వాత సొరచేప కాలేయపు నూనె పూస్తాడు. దాని వాసనకు ముక్కు మూసుకుంటూనే పిల్లలు గుడ్డముక్కలతో నన్ను రుద్దుతారు. ఆ చిన్న చేతులంటే నాకు ప్రాణం.

తెల్లవారుజామున నేల మీంచి వీచే గాలి పట్టుకుని, దాదాపు 8 కిలోమీటర్ల దూరంలోని మజివే దీవికి బయల్దేరతాం. ఒకప్పుడు అక్కడ చెట్లుండేవి, పచ్చ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టేవి. ఒడ్డు కోసుకుపోయి, 1980ల తొలినాళ్లకే చెట్లన్నీ పోయాయి. ఇప్పుడది పోటుకు మునిగిపోయే ఇసుక తిన్నె. తాబేళ్లు మాత్రం పాత చోటు మరవలేదు. నీటి పాలయ్యే ఆ గుడ్లను మా వాళ్లు జాగ్రత్తగా తెచ్చి ఉషొంగో ఇసుకలో పాతిపెడతారు. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికొస్తాయి.

ఒక సాయంత్రం ఆ కుటుంబాలన్నీ గూడు దగ్గర గుమిగూడాయి. అరచేతిలో ఇమిడే తాబేలు పిల్లలు ఇసుక తోసుకుంటూ పైకొచ్చాయి. తెలుగు తండ్రి లాంతరు ఆర్పేశాడు. వాటికి దారి చూపేది నీటి మీది వెలుగే. ఒడ్డున దీపాలుంటే అటు తిరిగి, దారి తప్పి చస్తాయి.

అప్పుడు నాకు గట్టిగా అనిపించింది: ఒడ్డున దీపాల వెలుగు లేకపోవడమే వాటి ప్రాణాలు నిలుపుతోంది. గుడిసెలో ఉండి, ఊరి చేప తిని, సరంగుకు కూలి ఇచ్చి వెళ్లేవారి వల్ల ఈ తీరం తీరంగా ఉంటుంది. పెద్ద దీపాల హోటలు వస్తే అలా ఉండదు. అందుకే స్నేహితుల్ని వెంటబెట్టుకుని మీరూ రండి. పగడపు దిబ్బల్ని తొక్కకండి, గవ్వలు ఏరుకుపోకండి, రాత్రి ఒడ్డున దీపం వెలిగించకండి. మిమ్మల్ని మోసే పని నాది.