ముక్కాలి ఉపాసకుడు

అమెరికా పశ్చిమ రాష్ట్రాల బీడు మైదానాలలో వారాంతాలలో దర్శనమిచ్చే ఒక రకం మానవుణ్ణి ముక్కాలి ఉపాసకుడని పిలవవచ్చు. ట్రైపాడ్ అనే మూడు కాళ్ల స్టాండు మీద రైఫిల్‌ను నిలిపి, అర కిలోమీటరు అవతల వేలాడే ఇనుప పలకను కొట్టడం ఇతని వ్యాసంగం. అయితే కొట్టడానికి పట్టే కాలం కంటే నిలపడానికి పట్టే కాలం ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, ఇతణ్ణి గురికాడు అనడం కంటే నిలుపుకాడు అనడమే శాస్త్రసమ్మతం.

నాలుగు కాళ్ల మంచాన్ని ఎగుడుదిగుడు నేల మీద వేస్తే ఏదో ఒక కోడు కింద చెక్కపేడు దోపవలసి వస్తుందనీ, ఏ మూడు బిందువులైనా ఒకే తలం మీద ఉంటాయి కనుక ముక్కాలికి ఆ అవస్థ లేదనీ ఇతను అడిగినవారికీ అడగనివారికీ బోధిస్తాడు. ఇతని ముక్కాలి కార్బన్ ఫైబర్‌ది, అంటే కర్బనపు పోగులను జిగురుతో బిగించి చేసిన, తేలికైనా వంగని గొట్టాలది. ధర వెయ్యి డాలర్లకు పైమాటే, ఇంట్లో చెప్పిన ధర వేరు. రైఫిల్‌ను పట్టి ఉంచే సుమారు 38 మిల్లీమీటర్ల వెడల్పు పట్టా నిజానికి కెమెరాల కోసం పుట్టినదని, పిట్టల ఫొటోలు తీసేవారి సామాను ఇదేనని గుర్తు చేస్తే మాత్రం నొచ్చుకుంటాడు. రెండు కాళ్లు లక్ష్యం వైపు ఉండాలా, ఒక్కటే ఉండాలా అన్న ప్రశ్న మీద ఈ వర్గంలో సాగే వాదం వైష్ణవులలో వడగలై, తెంగలై శాఖల నామాల తగవుకు ఏమాత్రం తీసిపోదు.

ఇంత చేసినా స్కోపులో కన్ను పెట్టగానే గురిగీతలు గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎగిరిపడతాయి. గురి కోణాన్ని కొలిచే మిల్ అనే కొలత 100 మీటర్ల దూరాన 10 సెంటీమీటర్లకు సమానం. అందులో అయిదో వంతు వణుకు 500 మీటర్ల వద్ద మళ్లీ 10 సెంటీమీటర్లవుతుంది. కాఫీ మానమని వైద్యుడు చెబితే వినని ఇతను, బరువు కోసం స్టాండు కింద ఇసుక సంచి వేలాడదీస్తాడు. ఇటు చూస్తే, హైదరాబాదులో పెరిగిన షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఏ స్టాండు ఊతమూ లేకుండా నిలబడి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. అదే ఏడాది అమెరికాలో మొదలైన ప్రెసిషన్ రైఫిల్ సిరీస్ పోటీలలోనేమో ఊతం వెతుక్కోవడమే సగం ఆట.

ఆ పోటీలలో ఒక్కో అంకానికి చాలాచోట్ల ఇచ్చేది 90 సెకన్లు. అందులో సగం కాళ్ల మరలు బిగించడానికి, కొంత ఎడమ కాలు జారిందని విసుక్కోవడానికి పోగా, మిగిలిన వ్యవధిలో ఉపాసకుడు ముందుకు ఒరిగి, ఒంటి బరువంతా ముక్కాలి మీద మోపి, ఊపిరి వదిలి, రాయిలా బిగిసి, మీట నొక్కుతాడు. గుండు పలక పక్కన దుమ్ము రేపుతుంది. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి అర కిలోమీటరు దూరంలో గుండును అడుగుకు మించి పక్కకు నెడుతుంది. ఆ గాలికి ముక్కాలితో పని లేదు. ఉపాసకుడు మాత్రం లోపం కాళ్లలోనే ఉన్నదని నిర్ధారించి, ఇంకాస్త లావు కాళ్ల స్టాండు ధర విచారిస్తున్నాడు.