గరుకుమూర్తి గారు

ప్రతి కాలనీలోనూ ఒక గరుకుమూర్తి గారుంటారు. అసలు పేరు ఏదైనా కావచ్చు. పొద్దున్నే వరండాలో పీట వేసుకుని, మగ్గులో నీళ్లు, నురుగు బ్రష్షు, రెండు వైపులా పదునున్న బ్లేడు బిగించిన రేజరు ముందు పెట్టుకుని, వీధిలో వెళ్లేవాళ్లను పలకరిస్తూ గడ్డం గీసుకునే పెద్దమనిషి. సరంజామా అంతా ఉంటుంది, అద్దం ఒక్కటే ఉండదు. అడిగితే, "నా మొహం ఎక్కడుందో నాకు తెలీదుటోయ్?" అంటారు.

ఈ విద్య ఎలా అబ్బిందంటే ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. ఒకాయన రైల్వే మెయిల్ సర్వీసులో చేసేవాడినని, ఊగే పెట్టెలో నేర్చుకున్నానని అంటారు. ఇంకొకాయన హాస్టల్లో ఉన్న ఒకే ఒక్క అద్దం ముందు వరసలో నిలబడలేకపోయానంటారు. మూడో ఆయన మాత్రం కళ్లజోడు సంగతి ఒప్పుకుంటారు: పెట్టుకుంటే రేజరుకు అడ్డం, తీస్తే అద్దంలో ఎవరో మసగ్గా కనిపిస్తారు. మొదటి ఇద్దరిదీ అసలు కారణం ఇదేనని నా అనుమానం.

పనితనం మాత్రం చూసి తీరాల్సిందే. ఎడమ చెయ్యి ముందు వెళ్లి దారి చూస్తుంది, కుడి చెయ్యి రేజరుతో వెనకాలే వస్తుంది. నురుగులో వేళ్లు జారకుండా ఎడమచేతికి తడి పటిక రాసుకుంటారు. చర్మం బిగబట్టడానికి అంతకు మించిన పట్టు లేదు. బుగ్గ లోతుకు పోయిన చోట నాలుకతో లోపలి నుంచి ఎత్తుతారు. మెడ దగ్గర వెంట్రుకలు పైకీ కాక కిందికీ కాక పక్కకు తిరుగుతాయి కదా, ఆ మలుపు ఎక్కడో వేలికొసతో పట్టుకుంటారు. తర్వాత గుటక సగం మింగి ఆపి, గొంతులో బుడిపె పైకి లేచిన ఆ క్షణంలోనే దాని కింద రెండు గీతలు లాగేస్తారు. ఆ సమయంలో మీరు నమస్కారం పెడితే జవాబు రాదు. పొగరనుకోకండి, గుటక మధ్యలో ఉన్నారు.

పైగా శాస్త్రం కూడా తనవైపే ఉందంటారు. 13 నానోమీటర్ల ఎత్తున్న ముడతల్ని సైతం మనిషి వేలు పసిగట్టగలదని 2013లో స్వీడన్‌లో పరిశోధన చేసి తేల్చారు. ఆ ముక్క మనవడు చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. "గడ్డం రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. అంటే మూడు లక్షల పైచిలుకు నానోమీటర్లు! నా వేలి లెక్కలో అది అడవిరా అబ్బాయ్."

నిజమే, గరుకు విషయంలో ఆ వేలికి తిరుగులేదు. చిక్కల్లా దానికి గరుకు తప్ప ఇంకేమీ పట్టకపోవడం.

"ఏమండీ, చెవి కింద నురుగు."

"లేదే! ఇప్పుడేగా తడిమాను."

"మరి మీ వేలు చెప్పలేదా?"

"నురుగు మెత్తగా ఉంటుంది కదే. దాన్ని తప్పెలా పడుతుంది?"

నెత్తురూ అంతే. నున్నగానే ఉంటుంది కాబట్టి చొక్కా కాలరుకు అంటేదాకా ఆయనకు తెలియదు. ఇక మీసం సంగతి చెప్పనక్కర్లేదు. రెండు వైపులా సమానంగా ఉందో లేదో కన్ను చెప్పాలి గాని వేలేం చెబుతుంది? ఎడమ కాస్త పొడుగనిపిస్తే అటు కత్తిరిస్తారు, అప్పుడు కుడి పొడుగనిపిస్తుంది. పండక్కి కోరమీసంతో ఉన్న మనిషి శివరాత్రి నాటికి ముక్కు కింద గీతతో మిగులుతారు. సెలూన్‌కు వెళ్లినా కళ్లు మూసుకునే కూర్చుంటారు. పని అయ్యాక అబ్బాయి వెనక చిన్నద్దం పట్టుకుని చూపిస్తే, అటు చూడకుండా మెడ మీద అరచెయ్యి రుద్దుకుని, "ఇక్కడ రెండు వదిలేశావు" అంటారు. వదిలేసి ఉంటాడు కూడా.

అలాంటి వేళ్లకు ఏటా నవంబరులో పరాభవం జరుగుతుంది. పెన్షను కోసం బతికున్నట్టు రుజువు ఇవ్వాలి. మీసేవలో వేలిముద్ర మిషను ఆ బొటనవేలిని చదవలేనంటుంది. తుడిచి పెట్టినా, తడిపి పెట్టినా, వేలు మార్చి పెట్టినా అంతే, అరిగిపోయాయట. నానోమీటర్లు కొలిచే వేళ్లను పట్టుకుని అరిగిపోయాయంటే ఎవరికి మాత్రం కోపం రాదు? చివరికి ఫోనులో మొహం చూపించే పద్ధతి ఉందని మనవడే ఎదురుగా పట్టుకుంటాడు. తెరమీద ఎవరో ముసలాయన, మీసం ఒకవైపు కురచ, చెవి కింద ఎండిన తెల్లటి చార.

"తాతయ్యా, ఒకసారి కళ్లార్పండి."

ఆయన ఆర్పరు. చెయ్యి గడ్డం కిందికి వెళ్లి, ఎక్కడో ఆగి, వెనక్కి వచ్చి మళ్లీ అక్కడే ఆగుతుంది.

"ఒక్క నిమిషం ఉండరా. ఇక్కడొకటి తగులుతోంది," అని రేజరు కోసం లేస్తారు.