కోచింగ్ తీసుకోని పిల్లలకు ప్రత్యేక కోచింగ్

జగిత్యాల టవర్ సర్కిల్ నుంచి ఏ దిక్కుకు నడిచినా ఫ్లెక్సీలే. ఇదివరకు ఫ్లెక్సీ ఎక్కాలంటే లీడరన్నా కావాలి, లీడరు పుట్టినరోజుకు శుభాకాంక్షలు చెప్పే అనుచరుడన్నా కావాలి. ఇప్పుడు ఐదో తరగతి చాలు. నూనె రాసి పక్కకు దువ్విన తలలు, మెడ దాకా గుండీలు, కింద రోల్ నంబర్లు. పైన పెద్ద అక్షరాల్లో "నవోదయలో మా ప్రభంజనం". పిల్లల ముఖాల్లో ఆ ప్రభంజనం ఆనవాలు ఏమీ దొరకదు. ఫోటో తీసేవాడు కదలొద్దని గద్దించి ఉంటాడు. ఒక్కోసారి అదే పిల్లవాడు రెండు కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీల మీదా నిలబడి ఉంటాడు, రెండు చోట్లా అంతే గంభీరంగా. వాడికి ఎవరు చదువు చెప్పారో తేల్చాలంటే ఇంకో పోటీ పరీక్ష పెట్టాలి.

కోచింగుల వల్ల కొందరు పిల్లలకు అన్యాయంగా మేలు జరుగుతోందని అక్కడక్కడా కొందరు బాధపడుతున్నారు. నేను ఒప్పుకోను. కోచింగ్ తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. కులం అడగరు, మతం అడగరు, ఏ పార్టీ అని అడగరు. ఫీజు ఒక్కటే అడుగుతారు. రాజ్యాంగం మాట ఇచ్చిన సమానత్వం ఇంత నిక్కచ్చిగా అమలవుతున్న చోటు మన జిల్లాలో ఇంకోటి ఉంటే చూపించండి.

అయితే ఈ నవోదయ కథ కొంచెం ముందునుంచి చెప్పుకోవాలి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రభుత్వం ఒక గురుకుల పాఠశాల తెరిచింది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు, మన పాత కరీంనగర్ జిల్లా వంగర మనిషి. తెలివి ఉండి డబ్బు లేని పల్లె పిల్లవాణ్ని ఏరి, తిండి పెట్టి, మంచి సార్లతో చదువు చెప్పించాలన్నది ఆలోచన. 1985లో ఆయనే ఢిల్లీలో మానవ వనరుల మంత్రి అయ్యారు. అదే ఆలోచన నవోదయగా దాదాపు దేశమంతా పాకింది, 1986 జాతీయ విద్యావిధానంలోకి ఎక్కింది. సీట్లలో నూటికి 75 పల్లె పిల్లలకే. బోధన, బస, భోజనం ఉచితం.

ఏరడానికి ఒక పరీక్ష కావాలి కదా. ఆ పరీక్ష తయారుచేసినవాళ్లు మంచివాళ్లు. ఇప్పుడున్న ఎనభై ప్రశ్నల్లో సగం, అంటే నలభై, ఒట్టి బొమ్మలే. బొమ్మకు భాష లేదు, పట్నం లేదు, పల్లె లేదు. ఇంట్లో పుస్తకాలు లేని పిల్లవాడైనా కళ్లతో చూసి తెలివితో చెప్పేస్తాడు, కోచింగ్ పప్పులు ఇక్కడ ఉడకవు అనుకున్నారు. పాపం, మన ప్రతిభను తక్కువగా అంచనా వేశారు. ఇప్పుడు బజార్లో ఆ బొమ్మల గైడ్లు ఇటుకంత లావున దొరుకుతాయి. నలభై బొమ్మల పరీక్షకు వేల బొమ్మల సాధన. పరీక్ష రోజు వచ్చేసరికి పిల్లవాడు బొమ్మను చూసి ఆలోచించడు, గుర్తుపడతాడు. ఆలోచిస్తే టైమ్ పోతుందని వాళ్ల సారు ముందే చెప్పి ఉంటాడు.

కోరుట్లలో ఒక వాకిట్లో బీడీలు చేస్తున్న అక్క దగ్గర కూర్చున్నాను. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. ఇంటాయన మస్కట్‌లో. పిల్లవాడు ఐదో తరగతి, పక్కనే కూర్చొని కట్టలు కడుతున్నాడు.

"నవోదయ రాపిత్తున్నం సారూ. సీటు అత్తదా?"

"కోచింగ్‌కు పంపుతున్నవా అక్కా?"

"పంపాలె. పక్కింటోళ్ల పోరడు జగిత్యాల హాస్టల్ల ఉండి సదువుతుండు. మావోడు ఇంట్లుంటే ఎట్లత్తది? ఎన్ని వెయిలు చెయ్యాల్నో మీరే లెక్కగట్టుండ్రి."

ఆమె ఫీజును రూపాయల్లో లెక్కపెట్టదు, బీడీల్లో పెడుతుంది. లెక్క కట్టమన్నది నన్నే అయినా నోరు తెరిచింది పిల్లవాడు. కట్టకు ఇరవై ఐదు, నలభై కట్టలు ఒక వెయ్యి. వేలు మడవకుండా చెప్పాడు. కంపెనీల మూడు కట్టలు ఏరి పారేస్తే ఎన్ని మిగుల్తయిరా అని అడిగాను. నా మాట పూర్తి కాకముందే "తొమ్మిది వందల ఇరువై అయిదు" అన్నాడు. "ఊకె ఏరుతరు సారూ" అని కూడా చేర్చాడు.

తర్వాత అతని మోడల్ పేపర్ తీసి అదే లెక్క అడిగాను. "ఒక వర్తకుని వద్ద బుట్టకు 25 చొప్పున 40 బుట్టల ఆపిల్ పండ్లు కలవు. అందు 3 బుట్టలు చెడిపోయిన యెడల మిగిలినవి ఎన్ని?" పిల్లవాడు నా ముఖం చూశాడు, తల్లి ముఖం చూశాడు, మెల్లగా మళ్లీ కట్టలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడికి లెక్క రాక కాదు. కోరుట్లలో ఆపిల్ పండ్లు బుట్టలకొద్దీ చెడిపోయేంత కొన్న ఇల్లు వాడెప్పుడూ చూడలేదు. కోచింగ్‌లో నేర్పేది చివరికి ఇంతే: ఆపిల్ అన్నప్పుడల్లా బీడీ అనుకో. ఈ ఒక్క రహస్యం వాళ్ల బడిలో ఉచితంగా చెబితే ఒక పరిశ్రమే మూతపడుతుంది. బహుశా అందుకే చెప్పరు.

లెక్కలు, బొమ్మలు వదిలేయండి. అసలు విద్య వేరే ఉంది, అది నేను జగిత్యాలలో ఒక సెంటర్ వెనక బెంచీ మీద కూర్చొని చూశాను. ఓఎంఆర్ షీటు. బడిలో ఇప్పటిదాకా పెన్సిలే పట్టిన పిల్లలకు బాల్ పాయింట్ పెన్ను ఇచ్చి, సున్నా గీత దాటకుండా, లోపల తెల్లగా మిగలకుండా దిద్దడం నేర్పుతున్నారు. నాలుక కొంచెం బయటపెట్టి, ఊపిరి బిగబట్టి దిద్దుతున్నారు వాళ్లు. ఎనభై సున్నాలు, రెండు గంటలు. చివర్లో సారు గడియారం చూసి అన్నాడు:

"అయిదు నిమిషాలే ఉన్నయి. రానియి ఎన్ని ఉన్నయో సూడుండ్రి. అన్నిటికీ 'సి' పెట్టుండ్రి."

ఈ పరీక్షలో తప్పుకు మార్కు కోయరు. కాబట్టి నాలుగింట ఒకటి ఎటూ తగులుతుంది. పది ప్రశ్నలు వదిలేసినవాడికి సున్నా, పదింటికీ గుడ్డిగా 'సి' పెట్టినవాడికి రెండో మూడో. ఒక్క మార్కుకు సీటు పోయే చోట రెండు మూడు అంటే మాటలా! ఇక ఊరి బడిలో మన పిల్లవాడికి ఏం నేర్పారు? "రాకపోతే రాలేదని చెప్పు, వచ్చినట్టు ఏది పడితే అది రాసినవంటే వీపు పగుల్తది" అని. వాడు పరీక్ష హాల్లో ఆ మాటే నిలబెట్టుకుంటాడు. రానివాటిని ఖాళీగా వదిలి, చేతులు కట్టుకొని బుద్ధిగా కూర్చుంటాడు. వాడి నిజాయితీని కంప్యూటర్ సున్నాలుగా చదువుతుంది.

దీన్ని అన్యాయం అంటారా? నేను అనను. ఊరి బడి వాడికి బతకడం నేర్పలేదు, కోచింగ్ సెంటర్ నేర్పింది.

పల్లె పిల్లలకు 75 శాతం కోటా ఉంది కదా, పట్నపోళ్లు ఎట్లా ఎగరేసుకుపోతారు అని మీరు అడగవచ్చు. కోటాకు షరతు ఏమిటంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివి ఉండాలి. మన దగ్గర షరతులు పాటించడంలో లోటు రానివ్వం. పేరు ఊరి బడిలో, పిలగాడు పట్నం హాస్టల్లో. పొద్దున పదికి ఊళ్లో హాజరు పడుతుంది, అదే పదికి జగిత్యాలలో మెంటల్ ఎబిలిటీ క్లాసు నడుస్తుంది. ఒకేసారి రెండు చోట్ల కనిపించడం వెనకటికి యోగులకే సాధ్యమయ్యేది. మధ్యాహ్న భోజనంలో వాడి వంతు గుడ్డు ఎవరు తిన్నారన్నది ఒక్కటే తేలని విషయం.

కేంద్ర విద్యాశాఖ ఊరుకుందనుకోకండి. 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది: పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోరాదు. పదేళ్లవాళ్లు వినలేదు కాబోలు. పైగా ఆ కాగితంలోనే ఇంకో మాట ఉంది, యాభై మందికి మించి పిల్లలు ఉంటేనే అది కోచింగ్ సెంటర్ అని. కాబట్టి నలభై తొమ్మిది మంది ఉన్న గది కోచింగ్ కాదు, గోడ అవతల ఇంకో నలభై తొమ్మిది మంది ఉన్న గది కూడా కాదు. ఈ లెక్క కూడా ఐదో తరగతి సిలబస్‌లో పెట్టవచ్చు.

ఇది మన ఒక్కరి ఘనతే అనుకునేరు. అమెరికాలో కాలేజీ సీట్లకు సాట్ అనే పరీక్ష ఉంది. అది పుట్టుతెలివిని కొలుస్తుంది, దానికి కోచింగ్ పనిచేయదు అని పెట్టినవాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. 1946లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో స్టాన్లీ కాప్లాన్ అనే ట్యూషన్ సారు ఇంటి కింది గదిలో దానికే పాఠాలు మొదలుపెట్టాడు. పనిచేయని ఆ కోచింగ్ ఎంత బాగా నడిచిందంటే, 1984లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2013లో అదే కంపెనీ పత్రికను అమ్మేసింది, కోచింగ్‌ను మాత్రం ఉంచుకుంది. ఈ వాక్యం మా పత్రిక యాజమాన్యం కంట పడకుండా ఉంటే బాగుండు. దక్షిణ కొరియాలోనైతే 1980లో సైనిక ప్రభుత్వం ట్యూషన్లనే నిషేధించింది. అవి దొంగచాటుగా నడిచాయి, 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం నిషేధమే చెల్లదంది.

మన ప్రభుత్వాలకు అంత మొరటుతనం లేదు. అవే కోచింగ్ ఇస్తాయి. 2022 మార్చి 9న అసెంబ్లీలో 80,039 ఉద్యోగాల ప్రకటన వెలువడగానే స్టడీ సర్కిళ్లు కిటకిటలాడాయి, ఎమ్మెల్యేలు, మంత్రులు ఫంక్షన్ హాళ్లలో ఉచిత కోచింగ్‌లు తెరిచారు. బడి ప్రభుత్వానిదే, పరీక్ష ప్రభుత్వానిదే, ఆ బడిలో చదివినవాడు ఆ పరీక్ష గట్టెక్కలేడన్న నమ్మకం కూడా ప్రభుత్వానిదే. ఆ తర్వాత ఏడాదికి గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపరే బయటికి వచ్చి పరీక్ష రద్దయింది; రెండోసారి పెట్టిందాన్ని హైకోర్టు రద్దు చేసింది; మూడోసారి 2024 జూన్‌లో జరిగింది. పేపరు ముందే చేతికి ఇవ్వడానికి మించిన కోచింగ్ ఏ సెంటరూ ఇవ్వలేదు కనుక దాని గురించి పోటీదారులుగా సెంటర్లవాళ్లే ఎక్కువ బాధపడి ఉండాలి.

సిరిసిల్ల సంగతి చెప్పకపోతే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. నవోదయ బొమ్మల్లో ఒక రకం ఉంది: కాగితం మడిచి చిల్లు పొడుస్తారు, విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాలి. సాంచాల (మరమగ్గాల) మధ్య పెరిగిన పిల్లవాడికి ఇది పరీక్షా? జకార్డు అట్టలో ఏ చిల్లుకు అంచు మీద ఏ పువ్వు లేస్తుందో వాళ్ల నాయిన నిద్రలో లేపినా చెబుతాడు. కానీ ఆయన కొడుక్కు ఆ చిల్లులు నేర్పేది సాంచె చప్పుడు ఎరగని సారు, నెలకింత అని. ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017 నుంచి వచ్చినంత కాలం ఆసాములు ఆ ఫీజు నెలనెలా కట్టారు. ఆర్డరు ఆగిన రోజు సాంచె ఆగుతుంది, వెంటనే పిల్లవాడి చిల్లుల చదువూ ఆగుతుంది.

విమర్శించి ఊరుకోవడం నా పద్ధతి కాదు కాబట్టి ప్రభుత్వానికి ఒక సూచన చేస్తున్నాను. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, నివాస ధ్రువపత్రం మీసేవలో ఇస్తున్నారు. దాంతోపాటే "ఈ బాలుడు ఏ కోచింగూ తీసుకోలేదు" అని తహసీల్దారు సంతకంతో ఇంకోటి ఇవ్వాలి. అది చూపినవాడికి పది మార్కులు కలపాలి. దరఖాస్తు చేసినవాడు నిజంగానే కోచింగ్ లేనివాడా అని తేల్చడానికి ఒక చిన్న స్క్రీనింగ్ టెస్టు పెట్టాలి. అందులో ఆపిల్ లెక్క ఇస్తే తెల్లముఖం వేయాలి, ఓఎంఆర్‌లో సున్నా గీత దాటాలి, రానిదాన్ని ఖాళీగా వదలాలి. ఈ మూడూ తడబడకుండా, సహజంగా చేయడం కష్టమే. సాధన కావాలి. ఆరు నెలల బ్యాచ్ అయితే సరిపోతుందని ఒక సెంటర్ యజమాని అప్పుడే హామీ ఇచ్చాడు. మెటీరియల్ ఫ్రీ.

ఆ యజమానినే ఇంకో మాట అడిగాను. పాత కరీంనగర్ జిల్లా అంతటికీ ఏళ్ల తరబడి చొప్పదండిలో ఒక్కటే నవోదయ ఉండేది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తెలంగాణకు ఏడు కొత్తవి ఇస్తూ జగిత్యాలకు ఒకటి ఇచ్చింది. సీట్లు పెరిగాయి కదా అన్నా, మరి మీ ఫీజు ఏమన్నా తగ్గుతుందా అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఒక్కటే నవోదయ ఉన్నప్పుడు సగం మంది అత్తదో రాదో అని ఇంటికాన్నే ఉంచుకున్నరు సారూ. ఇప్పుడు అందరికీ ఆశ పుట్టింది. ఫీజు ఎట్ల తగ్గుతది?"