వీపు తట్టి చూచినవాడు

నన్ను చూచినవారెల్లరు మొదట నా ముఖమునే చూతురు. ఉత్తర అమెరికా పడమటి తీరమున చలిగాలుల కోర్చి నిలిచిన సిట్కా స్ప్రూస్ మ్రాను పలకతో రూపొందిన ఆ ముఖము, పాతికేండ్ల వెలుగు సోకి తేనెరంగు తేలి, కన్నులకింపుగా నుండుమాట నిజమే. కాని నా ప్రాణమంతయు వీపున నున్నది. ఆ వీపును, ఇరుప్రక్కలును మన దక్షిణదేశపు చెట్టువి. ఆ చెట్టును తెలుగున ఇరుగుడనియు, జిట్రేగి యనియు అందురు. అంగడివారికి మాత్రము రోజ్‌వుడ్డనిన గాని తెలియదు. నన్ను కొన్నవారు, అమ్మినవారు, అమ్మజూపినవారు కలరుగాని, నా వీపు తట్టి అది పలికిన మాట నాలకించినవాడు ఒక్కడే. అతడు గిటారు వాయింప నేర్చినవాడు కాడు.

నేను 1998వ సంవత్సరమున పెన్సిల్వేనియా రాష్ట్రములో నాజరెత్ అను చిన్న పట్టణమున జన్మించితిని. సాక్సనీ సీమనుండి వలసవచ్చిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో న్యూయార్కున నెలకొల్పి, కొలది యేండ్లకే ఆ పల్లెపట్టునకు తరలించుకొనిపోయిన గిటారుల కర్మాగారము నా పుట్టినిల్లు. నా జాతికి డి-28 అని పేరు. ఆ ‘డి’ యనునది డ్రెడ్‌నాట్ అను ఆంగ్లేయుల యుద్ధనౌక పేరులోని మొదటి అక్షరము. పాడవలసిన వస్తువునకు ఫిరంగుల నౌక పేరేలయని అడుగువారు నా పొట్ట వైశాల్యమును చూచినచో మరల అడుగరు. 1969కి పూర్వము మా వంశమువారి వీపులు బ్రెజిలు దేశపు కలపతో చేసినవి; 1968లో బీటిల్సు బృందమువారు ఋషీకేశమునకు వెంటతెచ్చుకొనిన డి-28లు ఆ తరమునకు చెందినవే. బ్రెజిలు ప్రభుత్వము దుంగల ఎగుమతి నరికట్టగా, మార్టిన్ వారి చూపు మన దేశపు కలపమీద పడినది. మన ప్రభుత్వము మాత్రము తక్కువ తిన్నదా? దుంగను దుంగగా గడప దాటనీయదు. అందుచే ఇచ్చటనే పలుచని పలకలుగా కోయబడి, తెరచిన పుస్తకపు రెండు పుటలవలె ఒకే రేఖలు గల జతగా కూర్చబడి పరదేశమునకు పోయిన నా వీపు, రెండుమూడు మిల్లీమీటర్లకు మించని మందముతో, తంత్రుల మోతనంతయు మోయుటకు సిద్ధమైనది.

నా మొదటి యజమాని తెలుగు యువకుడు. కంప్యూటర్లకు 2000 సంవత్సరమును చదువుట రాదన్న దోషమును సరిదిద్దుటకై మన పిల్లలు విమానముల నిండ వెడలుచున్న కాలమది. అతడు రెండు నెలల జీతము కూడబెట్టి నన్ను కొని, సాయంకాలములందు ఇళయరాజా పాటలను తప్పులతో వాయించుచు, ఇల్లు తలచుకొనుచుండెను. పిమ్మట పెండ్లియైనది, పిల్లలు కలిగిరి, ఇంటి అప్పు పెరిగినది. నేను మంచము క్రిందికి జరిగితిని. 2012లో అతడు సంసారముతో బెంగుళూరు చేరగా నేను బీరువా మీదికెక్కితిని. ముందుగా వచ్చుటయే మేలైనది. 2017 జనవరి 2న నా వీపు కలప జాతినంతటిని అంతర్జాతీయ ఒప్పందపు పట్టికలో చేర్చి, 2019 నవంబరు 26 వరకు, అమ్మకమునకై ఎల్లలు దాటు వాద్యములకు సైతము అనుమతి పత్రములు కావలెననిరి. నేనా చిక్కున పడలేదు. బీరువా మీద దుమ్ములో పడితిని.

చివరకొకనాడు నన్ను దించి, తుడిచి, కిటికీ ప్రక్క నిలిపి, పదునొకండు ఛాయాచిత్రములు తీసి, లక్షా తొంబది వేల రూపాయలని వెలకట్టి అంతర్జాలమున పెట్టిరి. క్రొత్తదానికి అమెరికాలోనే మూడువేల డాలర్లకు పైమాట గనుక ఆ వెల అన్యాయమని అనను. పండ్లెంచి పశువును కొను దేశములో, ఊరుగాని ఊరి వస్తువును బొమ్మ చూచి కొనుట యెట్లో నాకప్పటికి తెలియదు.

నంద్యాలలో ఒక పాఠశాల ఉపాధ్యాయుడు నా బొమ్మను చూచెను. నవనందుల నడుమ, కుందేటి ఒడ్డున నున్న ఆ ఊరికి వాద్యముల ముచ్చట క్రొత్తది కాదు. తుంబురునితో పంతము పట్టి నారదుడు సంగీతము నేర్చిన కథ గల కళాపూర్ణోదయమును పింగళి సూరన అంకితమిచ్చినది నంద్యాల కృష్ణమరాజునకే గదా. మన మాస్టారు మాత్రము ఇరువది రెండేండ్లుగా చర్చిలో, మెడ వంగిన చౌక గిటారుతో ఆదివారపు కీర్తనలకు తోడు వాయించుచు, ఒక మంచి వాద్యమునకై చీటీ కట్టుచు వచ్చినవాడు.

నా బొమ్మను చూచుటకు ముందు ఆయన ఒకచోట మోసపోయెను. సైన్యమున పనిచేయుచున్నానని, బదిలీయైనందున సగము ధరకే ఇచ్చుచున్నానని చెప్పిన ఒక కంఠమునకు ఐదువేలు బయానా పంపెను. వస్తువు రాలేదేమని అడుగగా, “ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ అడ్వాన్సు మీకే వెనక్కి వస్తుంది” అని సమాధానము వచ్చినది. మాస్టారు కొట్టబోవుచుండగా, వంటయింటినుండి ఆయన భార్య, “మనకు రావాల్సిన డబ్బుకు మన పిన్నెందుకండీ?” అనినది. యూపీఐ శాస్త్రమంతయు ఆ ఒక్క ప్రశ్నలో నున్నదని నా అభిప్రాయము. 1930 నంబరుకు ఫిర్యాదు చేసిరి; ఐదువేలు తిరిగి రాలేదుగాని చీటీ సొమ్ము మిగిలినది.

ఆ దెబ్బతో మాస్టారు న్యాయవాదియైపోయెను. నా యజమానికి ఫోను చేసి, ఆనాటి తేదీని స్వహస్తముతో కాగితముపై వ్రాసి నా ఒడిలో నుంచి ఫోటో తీయుమనెను. అరువు బొమ్మలతో అమ్మువారు ఇక్కడనే దొరికిపోవుదురు. రంధ్రములోనుండి లోపలి కొయ్యదిమ్మెపై అచ్చొత్తిన అంకెను చూపుమనెను. దానిని బట్టి నేనేయేట పుట్టితినో తేలును. మెట్లు అరిగినవా, బ్రిడ్జి వెనుక పొట్ట ఉబ్బినదా, పండ్రెండవ మెట్టుపై తీగ యెంత యెత్తున నున్నదని వరుసగా అడిగెను. యజమాని విసుగుకొనక అన్నియు చూపెను. అయినను మాస్టారి మనసు కుదుటపడలేదు. అప్పుడాయనకు ఆళ్లగడ్డ స్నేహితుడు గుర్తుకు వచ్చెను.

ఆ స్నేహితుడు శిల్పి. నంద్యాల కళాశాలలో ఇద్దరును ఒకే బల్లమీద కూర్చున్నవారు. ఆళ్లగడ్డ శిల్పులకు రాతిని చెవితో చూచుట కులవిద్య. సుత్తితో తట్టినప్పుడు గంటవలె మ్రోగునది పుంశిల, కంచుతాళమువలె పలుకునది స్త్రీశిల, ఉలకనిది పలకనిది నపుంసకశిల యనియు, మూలవిగ్రహమునకు మొదటిది, పీఠమునకు రెండవది, పునాదికి మూడవది తగుననియు శిల్పశాస్త్రము చెప్పును. లోన దాగిన పగులు ముందుగా వినబడనిచో, ఆరునెలలు చెక్కిన తరువాత ముక్కు తీర్చునప్పుడు బయటపడును; ఆ నష్టము కంటికి తెలియదు, చెవికి తెలిసియుండవలెను.

“ఫోటోలెందుకప్పా నాకు? తీగల మీద తువ్వాలేసి, ఏలితో కొట్టి, ఆ చప్పుడు పంపమను,” అనెను శిల్పి.

నా యజమాని ఈ కోరికకు నవ్వెను. నవ్వుచునే, తంత్రులపై చేతితువ్వాలు కప్పి వాని పలుకును కట్టివేసి, ఫోనును బల్లమీద నుంచి, వ్రేలి కణుపుతో నా వీపున, ప్రక్కలను, ముఖమున, జానెడు జానెడు దూరమున తట్టుచు పోయెను. పదునాలుగేండ్లలో నన్నెవరును అంత ఓపికగా తాకియుండలేదు. ఆళ్లగడ్డలో ఆ శిల్పి తన కొట్టమున, సగము చెక్కిన నందుల నడుమ కూర్చుండి, కుర్రవాండ్రచేత ఉలి మోత కొంతసేపాపించి, ఫోనును చెవికానించుకొని ముమ్మారు వినెను.

“ఈపు బాగుండాది. గంట. బ్రిడ్జికి కింద, ఎడమ పక్క ఒక్క చోట మాత్రం బొంగురు పలుకుతాండాది. ఇంగోసారి ఆడ్నే కొట్టమను.”

మరల కొట్టిరి, మరల బొంగురే. యజమాని చిన్న అద్దమును, టార్చిలైటును తెచ్చి లోపల చూడగా, ముఖపు పలకను మోయు ఊతబద్ద ఒకటి కొసన జిగురు వదలియుండెను. కాగితపు ముక్క దానిక్రింద దూరిపోయెను. “అయ్యో, నేను గమనించనే లేదు సార్,” అని ఆయన నొచ్చుకొని తానే ధర తగ్గించెను. లక్షా డెబ్బది రెండువేలకు బేరము కుదిరినది: సగము ముందు, సగము చేరిన తరువాత. నాలోని లోపము నాకు తెలియకపోలేదు. అడిగిన నాథుడు లేక ఊరకుంటిని.

తీగలను సడలించి, తలచుట్టు వార్తాపత్రికలు కుక్కి, పెట్టెలో పెట్టెగా పంపగా నాలుగవనాడు నంద్యాల చేరితిని. బెంగుళూరు చల్లదనమునుండి నంద్యాల మండుటెండకు వచ్చిన కొయ్య ఒక్కసారిగా గాలికి బయటపడరాదని తెలిసిన మాస్టారు, ఒక దినమంతయు పెట్టెను తెరువనీయలేదు. ఆయన కూతురు పెట్టెపై చెవినుంచి పడుకొని, “నాయనా, లోపల ఏం చేస్తాందో?” అని అడుగుచుండెను. ఏమియు చేయుట లేదు తల్లీ, వేచియుంటిని.

ఆ ఆదివారము ఆరాధన ముగిసిన పిదప మాస్టారు నన్ను బస్సెక్కించెను. ఆళ్లగడ్డ నలువది కిలోమీటర్ల పైచిలుకు; నల్లరేగడి చేల మీదుగా ఆయన ఒడిలో నేను పోవుచుండగా, కండక్టరు నాకు లగేజి టిక్కెట్టు కొట్టెను. కొట్టమున శిల్పి నన్ను చేతికి తీసికొని, ముఖమును చూడనే చూడక, త్రిప్పి, వీపున వ్రేలితో రెండుమార్లు తట్టి, తలయూచెను. తరువాత పలుచని రేకుతో సందున జిగురు చొప్పించి, వెదురుపుల్లను కొలతకు కోసి, వీపునకును ఊతబద్దకును నడుమ బిగించి, రాత్రియంతయు అట్లే యుంచెను. మాస్టారును అచ్చటనే పండుకొనెను.

మరునాటి ఉదయము తీగలు బిగించి కొలువగా, పండ్రెండవ మెట్టుపై వాని యెత్తు మూడు మిల్లీమీటర్లకు కొంచెము మించినది, వ్రేళ్లు నొచ్చును. అర మిల్లీమీటరు దించవలెననిన, బ్రిడ్జిలో తీగలను మోయు ఎముక పట్టీని మిల్లీమీటరు తీయవలెను, ఏలయన ఆ మెట్టు తీగకు సరిగా నట్టనడుమ నున్నది. శిల్పి ఆ పట్టీని పెరికి, అద్దమువలె నునుపుచేసిన నల్లరాతి పలకపై గరుకు కాగితము పరచి, పట్టీ అడుగును దానిపై నిలువుగా ఆనించి, ఎనిమిదేసి మార్లు రుద్ది, వెలుతురునకెత్తి చూచి, మరల రుద్దుచుండెను. తెల్లని పొడి ఆతని గోటి సందులలో చేరినది. అంతకుముందే అచ్చట నల్లని రాతిపొడి కలదు.

మాస్టారు తొందరపడగా అతడనెను: “కొంచెం తీస్తే మళ్లా తీయొచ్చు. ఎక్కువ తీస్తే పెట్టేది యాడ్నుంచప్పా?”

నాలుగుమార్లు పెట్టి, తీసి, చూచిరి. ఐదవమారు మాస్టారు వాయించెను. కుర్రవాండ్రు ఉలులు దించి వినిరి. శిల్పి మాత్రము వాయింపునకంటె, తీగలను అరచేత నొక్కి ఆపిన తరువాత నా వీపున మిగిలిన మ్రోతను చేయి వేసి పరీక్షించుచుండెను. కూలి యెంతయని అడుగగా, “ఈసారి వచ్చేటప్పుడు నంద్యాల సోనా బియ్యం ఓ పది కేజీలు తే,” అనెను.

ఇప్పుడు నంద్యాలలో మే మాసము. ఎండ నలువది డిగ్రీలు దాటినది. నావంటివారికి గాలిలో తేమ నూటికి నలువదియైదు, ఏబదియైదు నడుమ నుండవలెను. అది లేనినాడు ముఖపు పలక కుంచించుకొని పగులును. అందులకై మాస్టారు ఒక ప్లాస్టిక్కు సబ్బుపెట్టెకు సూదితో చిల్లులు పొడిచి, తడిపి పిండిన స్పాంజిని అందుంచి నా ప్రక్కన పెట్టుచున్నాడు. పరీక్ష పేపర్లు దిద్దు హడావిడిలో ఆయన మరచినను, కూతురు మరువదు. ప్రొద్దున్నే బిందెనీటిలో స్పాంజిని తడిపి, పిండి, యథాస్థానమున నుంచి, మూత వేయుటకు ముందు నన్ను బోర్లించి, నా వీపున వ్రేలితో రెండుమార్లు తట్టి, చెవి యొగ్గుచున్నది.