మాకూ అంతే

మా గీజరు కాలిపోయిందని చెప్పామా, ఆయన గీజరు పోయిన వారమే కాలిపోయి ఉంటుంది. మా అమ్మాయికి సీటు రాలేదంటే వాళ్ల మేనల్లుడికి రెండుసార్లు రాలేదు. నాకు జ్వరమంటే ఆయనకి టైఫాయిడు. అదీ 1983లో, అదీ పరీక్షల ముందు. ఎదుటివాడి కష్టం పూర్తిగా నోట్లోంచి బయటపడేలోగా దానికి తన ఇంట్లోంచి జోడు వెతికి తెచ్చే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. మా బ్రాంచిలో ఉన్నాయన్ని మేం 'మాకూ అంతే' గారు అనేవాళ్లం. వెనకాలే అనేవాళ్లం గానీ ఆయనకి తెలుసు. తెలిసి ఏమన్నాడు? "మా నాన్నగారికి కూడా వాళ్లాఫీసులో ఇలాగే ఓ పేరుండేది" అన్నాడు.

ఒకసారి నా కౌంటర్లో అయిదొందలు తగ్గాయి. సాయంత్రం ఏడైనా లెక్క తేలక, జేబులోంచి కట్టాల్సి వస్తుందని చెమటలు పడుతుంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, 1991లో తనకి అయిదు వేలు తగ్గిన వైనం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి ఎనిమిదిన్నర. నా అయిదొందలు చిన్నబోయాయి. నేనూ చిన్నబోయాను. మా నాన్న పోయినప్పుడు మాత్రం పదకొండు రోజులూ వచ్చాడు. వచ్చి పదకొండు రోజులూ వాళ్ల నాన్న పోయిన సంగతే చెప్పాడు. పన్నెండో రోజుకి మా నాన్న గురించి కంటే వాళ్ల నాన్న గురించే నాకు ఎక్కువ తెలుసు.

రిటైరయ్యాక ఇద్దరం నాగోలు వైపు చేరాం. మా అపార్టుమెంటుకీ వాళ్ల ఇంటికీ రెండు సందులు దూరం. ఆయన పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఇంట్లో ఆయనా, వాళ్లావిడా, ఓ లాబ్రడార్ కుక్కా. దాని పేరు ఆడిటర్. ప్రతి గదిలోకీ వెళ్లి వాసన చూస్తుంది, ఏమీ పట్టుకోదు, టీ టైముకి మాత్రం ఠంచనుగా వస్తుందని ఆ పేరు పెట్టాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఆయన తీర్చుకున్న కక్ష ఇదొక్కటే అనుకుంటాను.

పోయిన నవంబరులో నా ఎడమ మోకాలికి ఆపరేషనయింది. జనం చిప్ప మార్చారంటారు గానీ అసలు సంగతి అది కాదని డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు. తొడ ఎముక కిందికొసా, కాలి ఎముక పైకొసా అరిగిన మేర చెక్కేసి, పుచ్చిన పంటికి తొడుగు వేసినట్టు వాటికి లోహపు తొడుగులు వేస్తారు. మధ్యలో ఓ ప్లాస్టిక్ బిళ్ల పెడతారు. ఇదంతా నేను 'మాకూ అంతే' గారికి వివరిద్దామని ఉత్సాహపడ్డాను. ఆయనకి అప్పటికే అంతా వచ్చు. "2017 ఆగస్టులో కేంద్రం రేటు కట్టేసింది గురూ. కోబాల్టు క్రోమియం రకం 54,720 రూపాయలు, పన్ను అదనం. నీ బిల్లు చూపించు" అన్నాడు. బిల్లు చూసి, లోహానికెంత, మజూరీకెంత, తరుగెంత అని బంగారం కొట్లో అడిగినట్టు మా అబ్బాయిని నిలదీశాడు. తర్వాత నా మోకాలి మీది పిన్నులు లెక్కపెట్టాడు. ముప్పై రెండు. "ఇన్ని పిన్నులు మనం యాన్యువల్ క్లోజింగు వోచర్లకి కూడా కొట్టలేదు."

అక్కడితో ఊరుకోలేదు. "వాజ్‌పేయి గారికి ఒక మోకాలు 2000లో చేశారు, రెండోది 2001లో. మన బ్యాంకుల్లో వీఆర్‌ఎస్ ఇచ్చిన రోజులు. నేను తీసుకుందామా వద్దా అని కొట్టుకుంటున్నాను. ఆయన ఆస్పత్రిలో, నేను అయోమయంలో." ప్రధానమంత్రి కీలు నొప్పికి కూడా ఈయన దగ్గర జోడుంది.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒక్కటే, నా కాలు చూసిన ప్రతిసారీ ఆయన అనే మాట: "మా ఆడిటర్‌కీ అచ్చం ఇంతే."

లాబ్రడార్ జాతికి తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. పన్నెండేళ్లొచ్చిన ఆడిటర్‌కి వెనక కాళ్లు రెండూ పట్టేశాయి. నేను వాకర్ పట్టుకుని లేస్తే ఆడిటర్ ఎలా లేస్తాడో చేసి చూపించేవాడు. ఫిజియో కుర్రాడు వచ్చి నా మోకాలు ఎంత వంగుతోందో కోణమానినితో కొలిచేవాడు. పదో తరగతి లెక్కల పరీక్ష తర్వాత ఆ వస్తువుని మళ్లీ నేను నా మోకాలి మీదే చూశాను. అయిదో రోజున యాభై అయిదు డిగ్రీలొచ్చాయి. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. 'మాకూ అంతే' గారు ఆ పరికరం ఓసారి ఇమ్మని అడిగాడు. ఎందుకని నేనడగలేదు. సాయంత్రం ఫోన్ చేసి, ఆడిటర్‌కి నలభై ఎనిమిదే వస్తోందని బాధపడ్డాడు.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఫోన్ మోగింది. మా ఆవిడ ఎత్తింది. అవతల గొంతు పూడుకుపోయి, "చెల్లెమ్మా, ఆడిటర్ పోయాడు" అంది. మా ఆవిడకి నిద్రమత్తు. "అయ్యయ్యో, ఎప్పుడన్నయ్యగారూ? పిల్లలు స్థిరపడ్డారా?" అంది. అదే మాట ఆయన మా పాత స్టాఫు వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడట. గంటలో నలభై నమస్కారాలు, ఓం శాంతులు. ఒకాయన, ఆయన చాలా సౌమ్యుడని, ఎవరినీ ఇబ్బంది పెట్టేవారు కాదని రాశాడు. ఇంకొకాయన ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు వెంటనే పెట్టించమని సలహా ఇచ్చాడు. ఒక నిజం ఆడిటర్ గారు, గుంటూరులో నిక్షేపంగా ఉన్నాయన, మధ్యాహ్నం మెలకువయ్యి గ్రూపులోంచి తప్పుకున్నారు.

ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకి దహనవాటిక ఉంది. నేను వాకర్ మనిషిని, వెళ్లలేను. ఆయన అక్కడినుంచి వీడియో కాల్ చేశాడు. ఫోన్ ఎవరికో ఇచ్చి పట్టుకోమన్నట్టున్నాడు. ఇరవై నిమిషాల సేపు నాకు కొంచెం ఆకాశమూ, ఎవరివో నీలం చెప్పులూ కనిపించాయి. మధ్యలో ఒక్కసారి ఆయన భుజం కనిపించింది. మోకాలి మీద ఐసు సంచీ కరిగి పక్కంతా తడిసిపోయింది. ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాలేదు.

ఇంతవరకూ నేను మంచివాడినే. ఆ సాయంత్రమే చెడ్డాను. ఫిజియో కుర్రాడు నా కాలుని డెబ్భై దాటించాలని పంతం పట్టి వంచేసి వెళ్లాడు. మంచం పట్టీ పట్టుకుని పళ్లు బిగపట్టుకున్న సమయానికి ఈయన ఫోన్. ఆడిటర్ చివరి మూడు రోజులూ ఏం తిన్నాడో, ఏం తినలేదో గంటసేపు చెప్పాడు. చివరికి నా నోట్లోంచి వచ్చేసింది: "పోనీలే గురూ, కుక్కే కదా."

అవతల మాట లేదు. కాసేపటికి ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఎలా ఉందన్నాడు. రాత్రంతా నిద్ర లేదని, పిన్నులున్న చోట సలుపని, మందు వేసుకున్నా తగ్గలేదని చెప్పుకుపోయాను. మొత్తం విన్నాడు. నా జీవితంలో మొదటిసారి ఆయన ఒక కష్టాన్ని అడ్డు రాకుండా ఆఖరిదాకా విన్నాడు. విని లేచి, చెప్పులేసుకుంటూ అన్నాడు: "మోకాలే కదా."

మా ఆవిడ లోపలినుంచి కాఫీ తెచ్చి, "కూర్చోండన్నయ్యగారూ" అంది. నా వైపు చూసి ఏమీ అనలేదు. ఏమైనా అనుంటే బాగుండేది.

ఆయన్ని ఓదార్చడానికి వచ్చినవాళ్లందరూ నాకంటే ఘనులేం కాదు. ఒకరు ఇంకో పిల్లని తెచ్చుకోమన్నారు, పెళ్లాం పోయినవాడికి సంబంధం చెప్పినట్టు. ఒకరు ఇక ఊళ్లు తిరగొచ్చన్నారు. నేను నా తప్పు దిద్దుకుందామని లెక్క కట్టాను: కుక్క ఏడాది మనకి ఏడేళ్లంటారు, పన్నెండేళ్లు ఏడుతో గుణిస్తే ఎనభై నాలుగు, అంటే ఆడిటర్‌కి సహస్ర చంద్ర దర్శనం అయిపోయినట్టే. ఏడు అన్నది ఉజ్జాయింపు లెక్కేనని నాకూ తెలుసు. కానీ అది విని ఆయన ముఖం వికసించింది. "మా నాన్నగారికి కూడా కాలేదు గురూ" అన్నాడు. వాళ్ల నాన్న డెబ్భై తొమ్మిదికి పోయిన సంగతి నాకు తెలియనిదా?

పద్నాలుగో రోజున పిన్నులు తీశారు. ఇక రోజూ నడవాలన్నారు. పదిహేనో రోజు పొద్దున్న ఆరింటికి బెల్లు. చూస్తే 'మాకూ అంతే' గారు. ఆ టైము ఆడిటర్‌ది. పన్నెండేళ్లుగా ఆరింటికీ, సాయంత్రం అయిదింటికీ బయటికి వెళ్లే కాళ్లు ఇంట్లో నిలవలేదు కాబోలు. "పద" అన్నాడు. లిఫ్టులో దిగి సెల్లార్‌లో నడక మొదలుపెట్టాం. అరనిమిషంలో ఆగాడు. ఎందుకాగాడో తెలియక నేనూ ఆగాను. పక్కన స్తంభం. మళ్లీ నడిచాం. మళ్లీ స్తంభం, మళ్లీ ఆగాడు. నాలుగో స్తంభం దగ్గర నాకర్థమైంది.

"గురూ, నాకక్కర్లేదు" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఇద్దరం వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చేంత నవ్వాం. నవ్వు ఆగాక జేబులోంచి రుమాలు తీశాడు. దాంతోపాటు తోలు గొలుసు కూడా బయటపడింది. ఇద్దరం చూడనట్టే ఊరుకున్నాం. రేపట్నుంచి స్తంభాల దగ్గర ఆగనన్నాడు గానీ, ఆగుతూనే ఉన్నాడు. నాకూ కాస్త ఆయాసం తీరేది. "ఇంకొక్క కారు దాటితే చాలు నాన్నా, పద పద" అనేవాడు. మొదటి వారం ఆ 'నాన్నా' ఎవరినో నేనడగలేదు. నా డ్రిల్లు సరిగ్గా చేసిన రోజున జేబులోంచి బిస్కట్టు తీసి ఇచ్చేవాడు. అది మనుషుల బిస్కట్టేనా అని మా ఆవిడ ప్యాకెట్టు తిప్పి తిప్పి చూసేది.

దారిలో ధర్మరాజు కథ వచ్చేది. అన్నదమ్ములూ భార్యా ఒక్కొక్కరే పడిపోయినా కడదాకా వెంట వచ్చింది కుక్కే కదా, అది లేకుండా స్వర్గానికి రానని ధర్మరాజు ఇంద్రుడితోనే వాదించాడు కదా అనేవాడు. 'కుక్కే కదా' అన్న మాటని కొంచెం ఒత్తి పలికేవాడు. నేను నా లోహపు మోకాలు చూపించి, అక్కడ పడిపోయినవాళ్ల అసలు బాధ పాపం కాదు, కీళ్లని, ముఖ్యంగా భీముడి శరీరానికి హిమాలయం ఎక్కడమంటే మాటలా అని నా సిద్ధాంతం చెప్పేవాణ్ని. ఆయన మహాప్రస్థానంలో కుక్కని చూస్తాడు, నేను మోకాళ్లు చూస్తాను. రెండూ వదిలేసి వ్యాసుడు ఇంకేదో చెప్పాడు.

వాళ్లావిడ ఊరెళ్లినప్పుడు స్వయంగా నల్లేరు పచ్చడి చేసుకొచ్చాడు, ఎముకలకి మంచిదని. నల్లేరు కాడల ఈనెలు తీసి, నూనెలో బాగా మగ్గించి, చింతపండు పడితే తప్ప గొంతు దురద పోదు. ఈయన బ్యాంకు ఉద్యోగి, సగం ప్రొసీజరే పాటించాడు. సాయంత్రం దాకా నాకు మాట రాలేదు. నల్లేరు మీద బండి నడకంటే సుఖంగా ఉంటుందని ఎవరన్నారో వాళ్లు ఈ పచ్చడి తినలేదు. "ఆడిటర్ కూడా ముట్టుకోలేదు" అని అప్పుడు చెప్పాడు.

ఇక నా సంగతి. మూడో వారంలో ఒకరోజు ఆయన చెబుతున్నాడు, ఆఖరి రోజు ఆడిటర్ గిన్నె దగ్గరకెళ్లి, నీళ్లు వాసన చూసి, తాగకుండా తిరిగొచ్చేశాడని. నేను వెంటనే, "నాకూ అంతే గురూ, ఆపరేషనైన మూడు రోజులూ నీళ్లు సయించలేదు" అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది. ఆయన నడక ఆపాడు. అక్కడ స్తంభం లేదు. తన సరుకు ఇంకొకరి దుకాణంలో చూసినవాడిలా నా వైపు చూశాడు. వెనక్కి తిరిగి లెక్క చూసుకుంటే, ఆడిటర్ పోయిన రోజునుంచీ ఆయన కుక్క గురించి ఒకటి చెబితే నేను మోకాలి గురించి రెండు చెప్పినట్టు తేలింది. వడ్డీతో సహా.

ఇప్పుడు నా మోకాలు నూట పదిహేను వంగుతోంది. కింద కూర్చోవద్దన్నారు గనక పెళ్లిళ్లలో కుర్చీ వేయించుకుంటాను. వాకర్ వదిలేసి రెండు నెలలైంది. అయినా ఆయన ఆరింటికి వస్తూనే ఉన్నాడు. తోలు గొలుసు ఇంకా జేబులోనే ఉంది. నిన్న మెట్లు దిగుతూ మధ్యలో ఆగి, రెయిలింగు పట్టుకుని కుడి మోకాలు నిమురుకున్నాడు. ఏమైందన్నాను. ఏం చెబుతాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే చెప్పనివ్వలేదు, డాక్టరు నెంబరిచ్చాను.

మా అబ్బాయి వాకర్ అమ్మకానికి పెడదామన్నాడు. వద్దన్నాను. కాళ్ల దగ్గర రెండేసి బెజ్జాలు కిందికి దించాలి, అంతే. ఆయన నాకంటే పొట్టి.